యాంగోన్ పోటుతో తరంగ సమీకరణం రాబట్టడం ఎలా?

1930 నాటి రంగూన్ (నేటి యాంగోన్) రేవులో మూటలు మోసినవారిలో ఎక్కువమంది తెలుగువాళ్లే. పెద్ద ఓడలు పోటు చూసుకుని నదిలోకి వచ్చేవి; ఇప్పటికీ అంతే. ఆ పోటునే తీసుకుని పురోగామి సరళ హరాత్మక తరంగ సమీకరణం రాబడదాం. పుస్తకాల్లో తరంగానికి ఉదాహరణగా చూపే తాడు రెప్పపాటులో కదిలిపోతుంది. పోటైతే ఆలోచించుకునేంత తీరిక ఇస్తుంది.

ముందు ఒకే చోట నిలబడి చూడండి. నదీముఖం దగ్గరి ఎలిఫెంట్ పాయింట్‌ను ఎక్స్ = 0 అనుకుందాం. సగటు మట్టం నుంచి నీరు ఎంత లేచిందో అది వై. కంపన పరిమితి ఏ. ఆవర్తన కాలం 12 గంటల 25 నిమిషాలు.

వై = ఏ సైన్ (ω టీ); టీ అంటే గడిచిన కాలం, ω = 2π/ఆవర్తన కాలం

ఇక ఎక్స్ దూరం ఎగువకు వెళ్దాం. తరంగ వేగం వీ అయితే అక్కడికి చేరడానికి ఎక్స్/వీ కాలం పడుతుంది. అంటే అక్కడ ఇప్పుడున్న మట్టం, నదీముఖంలో ఎక్స్/వీ కాలం కిందట ఉన్నదే. టీ స్థానంలో (టీ − ఎక్స్/వీ) రాయండి.

వై = ఏ సైన్ ω(టీ − ఎక్స్/వీ)

అసలు పని ఇంతే. తరంగం ముందుకు పోతుంటే మైనస్ ఎందుకని చాలామంది తికమకపడతారు. ఎగువ ఊరు ఆలస్యంగా కదులుతుంది, ఆ ఆలస్యమే మైనస్. పోటు శిఖరం వెంట నడిస్తే దశ మారకూడదు. టీ పెరిగేకొద్దీ ఎక్స్ కూడా పెరిగితేనే అది కుదురుతుంది. ప్లస్ రాస్తే తరంగం సముద్రం వైపు తిరుగుతుంది.

తరంగదైర్ఘ్యం λ = వీ × ఆవర్తన కాలం. కే = 2π/λ అంటే ω/వీ కనుక:

వై = ఏ సైన్ (ω టీ − కే ఎక్స్)

అంకెలు వేద్దాం. పోటు తరంగ వేగం √(గురుత్వ త్వరణం × లోతు). లోతు 10 మీటర్లనుకుంటే వేగం √(9.8 × 10), అంటే సెకనుకు సుమారు 9.9 మీటర్లు. యాంగోన్ రేవు 32 కిలోమీటర్లు లోపల ఉంది. పోటు చేరడానికి 54 నిమిషాలు. λ దాదాపు 442 కిలోమీటర్లు, దశాభేదం 26 డిగ్రీలు.

తరంగ వేగాన్నీ నీరు లేచే వేగాన్నీ కలపకండి. ఏ = 2 మీటర్లయితే నీరు లేచే గరిష్ఠ వేగం ఏ × ω, గంటకు ఒక్క మీటరే.

అసలు నదిలో పోటు త్వరగా ఎక్కుతుంది, ఆటు నిదానంగా తీస్తుంది. ఆ అసమానత ఒక్క సైన్‌తో రాదు. రెట్టింపు పౌనఃపున్యమున్న ఇంకో సైన్ కలపాలి.