జీతమెంత? మిగిలేదెంత?

తెలుగులో 'జీతము' అను మాట 'జీవితము' నుండి పుట్టినది. ఉర్దూలో మనము వాడే 'తన్‌ఖ్వాహ్' ఫారసీ మాట; 'తన్' అనగా శరీరము, 'ఖ్వాహ్' అనగా కోరునది. రెండు భాషలు రెండు దారుల వచ్చి ఒకే అర్థమును చేరుకొన్నవి. జీతము విలువను అంకెతో గాక, అది నిలబెట్టే బ్రతుకుతో కొలవవలెను. నేడు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇండ్లలో ఉద్యోగ ప్రసక్తి వచ్చినపుడు ఈ కొలత మరుగున పడి, "ఏటికి ఎన్ని లక్షలు?" అను ఒక్క ప్రశ్నయే వినవచ్చుచున్నది. దానికి వచ్చిన జవాబును నమ్ముకొని అప్పులు, పెండ్లి సంబంధములు, ఇంటి నిర్మాణములు నిర్ణయమగుచున్నవి. కావున ఆ అంకెను విప్పి చూచుట చదువుకొన్నవారి విధి.

మన ప్రాంతమునకు ఇది కొత్త పాఠము కాదు. ఆంగ్లేయుల కాలమున కళింగపట్నం, భీమునిపట్నం వంటి రేవుల నుండి వేలాదిమంది కూలీలు బర్మాకు ఓడలెక్కినారు. రంగూనును మనవారు 'రంగం' అన్నారు. అచ్చటి కూలి ఇచ్చటికన్న హెచ్చు. కాని ఆ కూలి అంతయు కూలివాని చేతికి వచ్చేది కాదు. పనిలో పెట్టిన మేస్త్రీ ముందిచ్చిన అప్పును, తన వాటాను మినహాయించుకొని మిగిలినది ఇచ్చేవాడు. చెప్పిన కూలికి, చేతికి వచ్చిన కూలికి నడుమ నాడు మేస్త్రీ నిలిచినాడు. నేడు చట్టము, ఒప్పందము, నగరము నిలిచి ఉన్నవి. మేస్త్రీ కోత అన్యాయము. నేటి కోతలలో చాలభాగము న్యాయమైనవే. అయినను లెక్క తెలియనివాడు నాడూ నష్టపోయినాడు, నేడూ నష్టపోవుచున్నాడు.

ఒక ఉదాహరణ తీసికొందాము. మన జిల్లా యువకునికి హైదరాబాదులో ఏటికి 15 లక్షల రూపాయల ఉద్యోగము వచ్చినదనుకొందాము. ఇంటివారు దానిని 12తో భాగించి నెలకు 1,25,000 అని సంతోషింతురు. కాని ఆ 15 లక్షలు కంపెనీ అతనిపై పెట్టే మొత్తము ఖర్చు, 'సి.టి.సి.' అనబడేది ఇదే. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారము భత్యములు మొత్తములో సగమును మించినచో, ఆ మించిన భాగమును కూడ వేతనముగానే లెక్కింపవలెను. కావున మూలవేతనము సగము, అనగా 7,50,000 అనుకొందాము. దానిపై 12 శాతము చొప్పున కంపెనీ ప్రావిడెంటు ఫండుకు కట్టే 90,000 ఆ 15 లక్షలలోనిదే. గ్రాట్యుటీ కింద చూపే సుమారు 36,000 కూడ అందులోనిదే. శాశ్వత ఉద్యోగికి సాధారణముగా అయిదేండ్ల సేవ నిండిన పిదపనే అది దక్కును. పనితీరును బట్టి సంవత్సరాంతమున ఇచ్చే భాగము 1,50,000 అనుకొందాము. ఇవి పోగా మిగిలినది 12,24,000. అనగా నెలకు 1,02,000. ఉద్యోగి తన వంతు ప్రావిడెంటు ఫండు 7,500, వృత్తి పన్ను 200 తీసివేయగా చేతికందేది 94,300. ప్రావిడెంటు ఫండు పోయిన సొమ్ము కాదు. వృద్ధాప్యమునకు దాచిన సొమ్ము. కాని ఈ నెల అద్దెకు అది అక్కరకు రాదు.

ఆదాయపు పన్ను సంగతి మరింత గమనింపదగినది. 2025-26 ఆర్థిక సంవత్సరపు కొత్త పన్ను విధానమున జీతగాండ్రకు 75,000 ప్రామాణిక తగ్గింపు కలదు. ఆపైన ఆదాయము 12 లక్షలు మించనిచో పన్ను లేదు. సంవత్సరాంతపు సొమ్ము రానిచో మన యువకుని ఆదాయము 11,49,000; పన్ను సున్న. ఆ 1,50,000 పూర్తిగా వచ్చినచో ఆదాయము 12,99,000 అగును. సెస్సుతో కలిపి పన్ను 77,844. అనగా లక్షన్నరలో అతనికి మిగిలేది 72,156 మాత్రమే. ఆ లక్షన్నరను చూచుకొని ముందుగానే అప్పు చేసినవాని గతి ఊహింపవచ్చును.

ఇక నగరపు ఖర్చు. అద్దె, నిర్వహణ రుసుము 28,000, భోజనాదులు 14,000, రాకపోకలు 5,000, కరెంటు, ఫోను 4,000, చదువు అప్పు వాయిదా 12,000, ఇంటికి పంపేది 15,000 అనుకొందాము. మొత్తము 78,000. మిగిలేది 16,300. పండుగ ప్రయాణములు, బట్టలు, బీమా, అనారోగ్యము, అన్నియు ఇందులోనే సరిపెట్టుకొనవలెను.

ఇదే యువకుడు విజయనగరములో సొంత ఇంటనే ఉండి, చేతికి 40,000 వచ్చే ఉద్యోగము చేసినాడనుకొందాము. అప్పు వాయిదా 12,000, ఇంటి ఖర్చులో వంతు 17,000, రాకపోకలు, ఫోను 4,000 పోగా మిగులు 7,000. చేతికందే సొమ్ములో తేడా 54,300. మిగులులో తేడా 9,300. నగరోద్యోగమే ఇంకను లాభము. దాని వెనుక పెరిగే భవిష్యనిధి, అనుభవము కూడ కలవు. కాని ఆ లాభము మనము ఊహించుకొన్నంతటిది కాదు.

ట్యూనిస్‌లో 1332లో జన్మించిన ఇబ్న్ ఖల్దూన్ 1377లో రచించిన 'ముఖద్దిమా'లో ఈ సత్యమును చెప్పినాడు. మహానగరములో విలాసములు క్రమముగా అవసరములుగా మారును. సంపాదనతో పాటు ఖర్చును పెరుగును. అందుచేత ఎడారివాసులు అచ్చట నిలదొక్కుకొనుట కష్టమని ఆయన వివరించినాడు. మన 'ఎంత చెట్టుకు అంత గాలి' అను సామెత భావము ఇదియే. ఆయన 'కస్బ్', 'రిజ్ఖ్' అను రెండింటిని వేరు చేసినాడు. శ్రమించి ఆర్జించినది కస్బ్. అందులో మన అవసరములకు వినియోగపడినది రిజ్ఖ్.

జకాత్ విధిలోను ఇట్టి వివేకమే ఉన్నది. మన ప్రాంతమున అనుసరించే హనఫీ పద్ధతిలో నెలజీతము ఎంత అని అడుగరు. నిసాబు మేరకు ధనము కలిగి చాంద్రమాన సంవత్సరము నిండిన పిదప, అప్పులు పోగా చేతిలో నిలిచినదెంత అని చూచి, అందులో 40వ వంతు ఇమ్మందురు. ధర్మము మనిషి కలిమిని రాబడితో గాక మిగులుతో కొలిచినది. మన ఇంటి నిర్ణయములకు ఇంతకు మించిన కొలత ఏమున్నది?

విద్యార్థులారా! నియామక పత్రము చేతికి వచ్చిన నాడు మూడు అంకెలు వ్రాసికొనుడు: చెప్పిన జీతము, నెలనెలా చేతికందేది, ఖర్చులు పోగా మిగిలేది. ఏది స్థిరము, ఏది పనితీరుపై ఆధారపడినదో సంకోచింపక అడుగుడు. మొదటి అంకెను పదిమందికి చెప్పుకొనవచ్చును. రెండవదానితో ఇల్లు నడుపవలెను. అప్పునకు గాని, వాయిదాకు గాని మూడవదానిని మించి సంతకము చేయరాదు. ఈ మూడు అంకెలను మీ తల్లిదండ్రులకు కూడ విప్పి చెప్పుడు. మొదటి అంకె ఒక్కటే విన్న తండ్రి ఆ ధైర్యముతో పొలమును తాకట్టు పెట్టవచ్చును. మూడవ అంకె తెలిసిన తండ్రి ఆ పొలమును నిలుపుకొనగలడు.