ప్రాథమిక పాఠశాల నాణ్యతను ఎట్లు నిర్ణయించవలె?

వస్తువు మంచిచెడ్డలు తెలుసుకొనుట మన ప్రాంతపు ప్రజలకు కొత్త విద్య కాదు. మదనపల్లె మార్కెట్టులో టమోటా కొనే వ్యాపారి పైవరుస కాయలను మాత్రమే చూచి ధర చెప్పడు. అడుగున ఏమున్నదో కూడా చూస్తాడు. పుంగనూరు ఆవు పొట్టిది, ఇచ్చే పాలు తక్కువ. అయినా ఆ పాలలోని వెన్న సంగతి తెలిసినవాడు దాని ఎత్తును బట్టి వెల కట్టడు. పట్టుగూళ్ళు కొనేవాడు గూటిని వ్రేళ్ళ మధ్య పట్టి దాని గట్టితనం పరీక్షిస్తాడు. ఇంత నేర్పు గల మనము కన్నబిడ్డను చేర్పించే బడి విషయంలో మాత్రం గేటు రంగును, పిల్లల మెడలోని టైని, పేరులోని ఇంగ్లీషు మాటను చూచి తీర్పు చెప్పుతున్నాము. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలను ఏ కొలతలతో చూడవలెనో ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

తప్పు తీర్పు వలన కలిగే నష్టం

బడి విషయంలో తీర్పు తప్పితే నష్టం ఒక్క కుటుంబంతో ఆగదు. బాలల ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. ఆ చట్టపు అనుబంధం ప్రకారం ఐదవ తరగతి వరకు గల బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 61 నుండి 90 వరకు ముగ్గురు, 91 నుండి 120 వరకు నలుగురు ఉపాధ్యాయులు ఉండవలె. అనగా 61 మంది చదివే బడి నుండి ఒక్క బిడ్డ వెళ్ళిపోయినచో మూడవ ఉపాధ్యాయుని పోస్టుకు ఆధారం పోతుంది. ఐదు తరగతుల భారం ఇద్దరి మీద పడుతుంది. చదువు కుంటుపడుతుంది. అప్పుడు ఇంకొందరు తల్లిదండ్రులు తమ పిల్లలను తీసుకొని వెళ్ళిపోతారు.

మంచి బడిని చెడ్డదని పదిమంది అనుకొంటే అది కొన్ని సంవత్సరాలలో నిజంగానే చెడిపోగలదు. చివరకు ఆ బడిలో మిగిలేది ఫీజు కట్టలేని కూలివాని బిడ్డ. పిల్లల సంఖ్య స్వల్పంగా ఉండే ఉర్దూ మాధ్యమ బడులకు ఈ ప్రమాదం మరింత దగ్గర. అందుచేత బడిని గురించి మాట్లాడే ముందు దానిని చూడవలసిన బాధ్యత మన అందరి మీద ఉన్నది.

కట్టడము, సౌకర్యములు

మొదట కంటికి కనిపించేది భవనము. ఎండవానలకు తట్టుకొనే కట్టడం, ఉపాధ్యాయునికొక గది, బాలబాలికలకు వేరువేరు మరుగుదొడ్లు, మంచినీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ, గ్రంథాలయం ఉండవలెనని చట్టమే చెప్పుతున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న ప్రారంభమైన 'నాడు–నేడు' కార్యక్రమం మొదటి విడతలో 15,715 బడులను తీసుకొన్నారు. అటువంటి పనుల వలన అనేక బడుల రూపం మారినది.

సౌకర్యాలు ఉన్నవా అని అడుగుట కంటే అవి వాడుకలో ఉన్నవా అని చూచుట ముఖ్యము. మరుగుదొడ్డి ఉన్నది, తాళం ఎవరి వద్ద ఉన్నది? కుళాయి ఉన్నది, నీరు వచ్చునా? గ్రంథాలయమున్నది, పుస్తకాలు పిల్లల చేతులలో నలిగినవా, బీరువాలో కొత్తవిగానే ఉన్నవా? మధ్యాహ్న భోజనం సంగతీ ఇంతే. సుప్రీంకోర్టు 2001లో ఇచ్చిన ఆదేశాల ననుసరించి మన రాష్ట్రంలో 2003 జనవరి నుండి వండిన భోజనం పెట్టుతున్నారు. ప్రాథమిక తరగతుల బిడ్డకు రోజుకు 450 కాలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు అందవలెనని నియమము. దీనిని రిజిస్టరులో చూడనక్కరలేదు. భోజనవేళ వెళ్ళి పిల్లల పక్కన కూర్చుండి తింటే తెలుస్తుంది.

ఇవన్నీ సరిగా ఉంటే బడికి కనీస అర్హత వచ్చినదని భావించవలె. చదువు సాగుచున్నదో లేదో ఇంకా తేలలేదు.

ఉపాధ్యాయుడు, కాలము

ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండవలెనని చట్టము. అనగా రోజుకు నాలుగు గంటల బోధన. ఈ గంటలు నిజముగా పిల్లలకు చేరుచున్నవా అన్నది రెండవ ప్రశ్న. 2003లో కొందరు ఆర్థికశాస్త్రవేత్తలు దేశంలోని 20 రాష్ట్రాలలో ముందుగా తెలుపకుండ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు వెళ్ళి చూచినారు. ఆనాడు నలుగురిలో ఒక ఉపాధ్యాయుడు బడిలో లేడు. బోధనలో ఉన్నవారు సుమారు సగం మంది మాత్రమే. లేనివారిలో సెలవు పెట్టినవారు, ఇతర విధులపై పోయినవారు కూడ ఉన్నారు కనుక అందరినీ దోషులనుట న్యాయం కాదు. కాని కారణమేదైనను పిల్లవాని నష్టం ఒక్కటే. 800 గంటలలో నాలుగవ వంతు పోయినచో 200 గంటలు, అనగా ఏబది రోజుల చదువు పోయినట్లు.

కనుక బడికి ఒకసారి పోయి వచ్చిన చాలదు. ఒక నెలలో వేరువేరు వారాలలో, వేరువేరు వేళలలో మూడుసార్లు పోవలె. ఎవరిని పట్టుకొనుటకో కాక, నిజస్థితి తెలుసుకొనుటకు పోవలె. ఉపాధ్యాయులను ఓటర్ల జాబితాల పనికి, సర్వేలకు, యాప్‌లలో ఫోటోలు ఎక్కించుటకు ఎంతసేపు వినియోగిస్తున్నారో కూడ అడిగి తెలుసుకొనవలె.

చదువు వచ్చినదా?

మూడవది అన్నిటికంటె ముఖ్యము. 'అసర్' అను పేరుతో 2005 నుండి ఒక స్వచ్ఛంద సంస్థ గ్రామీణ పిల్లల ఇండ్లకు వెళ్ళి చేసే సర్వే కలదు. రెండవ తరగతి స్థాయి కథను చదువగల ఐదవ తరగతి పిల్లలు దేశం మొత్తం మీద 2018లో నూటికి 50.5 మంది, కరోనా వలన బడులు మూతపడి తిరిగి తెరచిన తరువాత 2022లో 42.8 మంది. అనగా ఐదేండ్లు బడికి పోయినవారిలో సగం మందికి చిన్న కథ చదువుట రాలేదు. మన వీధి బడి ఈ లెక్కలో ఎక్కడ ఉన్నదో తెలుసుకొనుటకు పెద్ద చదువు అవసరం లేదు.

బోధన కనిపించే చోట చదువు లేకపోవచ్చును. తరగతి అంతా కలిసి గొంతెత్తి పాఠం వల్లిస్తే బయట నిలిచినవారికి ముచ్చటగా ఉంటుంది. ఆ గొంతులలో చదివేవి ఎన్నో, వెంట పలికేవి ఎన్నో తెలియదు. నోటుపుస్తకంలో ముత్యాలవంటి అక్షరాలు ఉండవచ్చును. అవి నల్లబల్ల నుండి ఎత్తి వ్రాసినవి మాత్రమే కావచ్చును. చూచివ్రాత అందముగా ఉండి ఉక్తలేఖనంలో తడబడే పిల్లవాడు అక్షరాలను బొమ్మలవలె గీయుచున్నాడని అర్థము. 'అమ్మ' అను మాటను గుర్తుపట్టిన పిల్లవాడు 'కొమ్మ', 'నమ్మకం' అను మాటలలో అదే ఒత్తును గుర్తుపట్టుతున్నాడా అని చూడవలె.

పరీక్షించే పద్ధతి సులభము. పాఠ్యపుస్తకం వద్దు, బిడ్డ ఎన్నడూ చూడని చిన్న కథ ఒకటి తీసుకొని పోవలె. ముందు వరుసలోని చురుకైన పిల్లను కాక చివరి వరుసలోని ముగ్గురిని ఒక్కొక్కరిగా, మెల్లగా, భయం లేకుండ చదివించవలె. చదివిన తరువాత కథలో ఏమి జరిగినదో స్వంత మాటలలో చెప్పమనవలె. లెక్కలలో అప్పు తెచ్చుకొని చేసే తీసివేత ఒకటి, భాగాహారం ఒకటి చాలును. నూరు రూపాయలిచ్చి ముప్పది ఏడు రూపాయల సరకు కొంటే చిల్లర ఎంత రావలెనో అడిగితే బిడ్డకు లెక్క అర్థమైనదో లేదో తేలిపోతుంది.

ఎక్కడి నుండి ఎక్కడికి?

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. రెండు బడులను పోల్చేటప్పుడు పిల్లలు ఈనాడు ఏ మెట్టుపై ఉన్నారో మాత్రమే చూస్తే అన్యాయం జరుగుతుంది. చదువుకొన్న తల్లి రాత్రివేళ కూర్చుండబెట్టి చదివించే బిడ్డకు, తల్లి ఇటుక బట్టీకి పోయే బిడ్డకు బయలుదేరే చోటు ఒకటి కాదు. ఎంపిక పరీక్ష పెట్టి పిల్లలను చేర్చుకొనే బడి తన గొప్పగా చెప్పుకొనే ఫలితాలలో కొంత భాగం ఆ ఇండ్లదే. వచ్చిన ప్రతి బిడ్డను చేర్చుకొనే బడి గొప్పతనం ఆ బిడ్డను ఏడాదిలో ఎంత దూరం నడిపించినదనే దానిలో ఉన్నది.

ఈ సూత్రం మన రాష్ట్రంలోనే ప్రయోగానికి వచ్చినది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ అను పరిశోధకులు ఒక పెద్ద అధ్యయనం ప్రారంభించినారు. పిల్లల మార్కులను బట్టి కాక, ఏడాదిలో ఆ మార్కులు పెరిగిన మేరకు ఉపాధ్యాయులకు బహుమానం ఇచ్చినారు. 2011లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం రెండు సంవత్సరాల తరువాత ఆ బడుల పిల్లలు గణితంలోను, భాషలోను ఇతర బడుల పిల్లలను మించినారు. బహుమానంతో సంబంధం లేని విజ్ఞాన, సాంఘిక శాస్త్రాలలో కూడ మెరుగుపడినారు. బహుమానం మంచిదా కాదా అను చర్చ వేరు. పెరుగుదలను కొలువవచ్చునని, కొలిచిన దానిపై శ్రద్ధ కలుగునని ఇందువలన తెలిసినది. జూన్ నెలలో ఒకసారి, మార్చి నెలలో ఒకసారి అదే పిల్లలచేత చదివించి చూచిన తల్లిదండ్రుల సంఘం ఈ కొలతను తానే చేసుకొనగలదు.

భాష సంగతి

మన మూడు పట్టణాలలో బడిని తూచేటప్పుడు భాషను విడిచిపెట్టరాదు. మదనపల్లెలోను, పుంగనూరులోను ఎందరో ముస్లిం పిల్లలు ఇంటిలో దక్కనీ పలుకుతారు, వీధిలో తెలుగు వింటారు, బడిలో గ్రంథస్థమైన ఉర్దూను నేర్చుకొంటారు. తమిళనాడు, కర్ణాటక రెండింటికీ సరిహద్దుగా ఉన్న కుప్పంలో తమిళం, కన్నడం కూడ ఇంటిభాషలే. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసిన ఊరు అది. ఆ ఊరి ఒకటవ తరగతి గదిలోనే ఎన్నో భాషలు కూర్చుండి ఉంటవి.

1956లో రాజ్యాంగంలో చేరిన 350–ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించవలెనని చెప్పుతున్నది. విద్యా హక్కు చట్టం 29వ విభాగం కూడ సాధ్యమైనంత వరకు మాతృభాషనే కోరినది. చట్టాల మాట అట్లుండగా, గిడుగు రామమూర్తిగారు సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పవలెనని దానికి వాచకాలు వ్రాసిన చరిత్ర మన తెలుగువారిదే.

అయితే ఉర్దూ బడి అను పేరు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఉర్దూ వాచకాలు జూన్‌లో అందినవా, అక్టోబరులోనా? ఉర్దూ తెలిసిన ఉపాధ్యాయుని పోస్టు నిండి ఉన్నదా? కుడి నుండి ఎడమకు వ్రాసే లిపిని నేర్చుకొనే బిడ్డకు ఎడమ నుండి కుడికి వ్రాసే తెలుగును కూడ ఓర్పుతో నేర్పుచున్నారా? ఐదవ తరగతి తరువాత ఆ బిడ్డ చేరవలసిన ఉన్నత పాఠశాల ఏది? ఉర్దూ 2022లో రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాష అయినది. ఆ గౌరవం ఒకటవ తరగతి బల్ల వరకు దిగినప్పుడే సార్థకము. ఇంగ్లీషు కోరుట తప్పు కాదు. కాని ఏ ఒక్క భాషలోనైనను ధారాళంగా చదువలేని బిడ్డకు మూడు భాషల పుస్తకాలు మూడు బరువులే.

చిన్న బడి చెడ్డ బడి కాదు

ఒకే ఉపాధ్యాయుడున్న బడిని చూచి పెదవి విరచుట మనకు అలవాటు. ఈ అలవాటుకు సమాధానం మదనపల్లెకు సమీపాననే ఉన్నది. రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపట్ల పల్లెలలో చిన్న బడులు నడిపి, పద్మనాభరావు, రమ దంపతుల ఆధ్వర్యంలో ఒక బోధనా పద్ధతిని రూపొందించినది. పాఠాలను చిన్నచిన్న కార్డులుగా విడదీసి, మెట్లుగా పేర్చినారు. ఏ బిడ్డ ఏ మెట్టుపై ఉన్నదో గోడమీది నిచ్చెన పటం చూచి ఆ బిడ్డే తెలుసుకొంటుంది. నాలుగు రోజులు కూలికి పోయి వచ్చినా విడిచిన చోటనే మరల మొదలుపెట్టుతుంది. తరగతి అంతా ఒకే పుటలో ఉండవలసిన పని లేదు. కర్ణాటకలోని 'నలి–కలి', తమిళనాడులోని కృత్యాధార బోధన ఈ పద్ధతి నుండి స్ఫూర్తి పొందినవి. మన పక్క పల్లెలో పుట్టిన విద్యను పొరుగు రాష్ట్రాలు గుర్తించినవి; మనము కూడ గుర్తించుట మంచిది.

బడికి తీసుకొనిపోవలసిన ప్రశ్నలు

1. ఈ దినం ఎందరు పిల్లలు, ఎందరు ఉపాధ్యాయులు వచ్చినారు? రిజిస్టరులోని సంఖ్యకు, కంటికి కనిపించే సంఖ్యకు తేడా ఎంత?
2. నీరు, మరుగుదొడ్డి, భోజనం వాడుకలో ఉన్నవా?
3. చివరి వరుస బిడ్డ కొత్త కథను చదివి చెప్పగలదా?
4. జూన్‌లో ఉన్న చోటు నుండి మార్చికి ఆ బిడ్డ ఎంత ముందుకు వచ్చినది?
5. బిడ్డ ఇంటిభాష తెలిసినవారు బడిలో ఒక్కరైనను ఉన్నారా?
6. తప్పు చదివిన బిడ్డను ఉపాధ్యాయుడు దిద్దుచున్నాడా, కసురుచున్నాడా?
7. రెండు వారాలుగా బడికి రాని బిడ్డ ఇంటికి ఎవరైనను వెళ్ళినారా?

ఈ ఏడింటిలో డబ్బుతో మాత్రమే తీరేవి కొద్ది. తక్కినవి అడిగేవారుంటే తీరేవే.

చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికి యాజమాన్య సంఘం ఉండవలె. అందులో ముప్పాతిక వంతు తల్లిదండ్రులు, మొత్తం మీద సగం మంది స్త్రీలు. బడి అభివృద్ధి ప్రణాళికను తయారుచేయుట ఆ సంఘం పని. నిజానికి చాలాచోట్ల సభ్యులకు కాగితం చదివి వినిపించేవారు లేరు. విద్యార్థి మిత్రులారా, ఇది మనము చేయదగిన సేవ. సెలవులలో ఊరికి పోయినప్పుడు ఒక చిన్న కథను, పై ప్రశ్నలను చేతబట్టుకొని, ప్రధానోపాధ్యాయుని అనుమతితో మన వీధి బడిలో ఒక పూట గడుపుదాము. తెలుసుకొన్నది ఉర్దూలోను, తెలుగులోను వ్రాసి, మొదట ఉపాధ్యాయులకు, తరువాత సంఘంలోని తల్లులకు చదివి వినిపిద్దాము. మన కళాశాల కమిటీ పెద్దలు ఇటువంటి పరిశీలనను సేవా కార్యక్రమాలలో చేర్చి, ఏడాదికి రెండుసార్లు అవే బడులకు విద్యార్థులను పంపినచో, ఏ బిడ్డలు ముందుకు పోయినారో, ఎవరు ఆగిపోయినారో పేరుపేరునా తెలియగలదు. ఆగిపోయిన బిడ్డకు ఐదవ తరగతి దాటక ముందే చేయి అందించవచ్చును. దాటిన తరువాత ఆ పని చాలా కష్టము.