శిథిలాలు కలిపి దిమ్మిస కొట్టిన గోడ

బెర్లిన్‌లో బెర్నౌవర్ వీధి వెంట 1.4 కిలోమీటర్ల పొడవున పచ్చిక పరుచుకుని ఉంటుంది. నగరాన్ని రెండుగా చీల్చిన గోడ ఒకప్పుడు ఇక్కడే నిలిచింది. ఇప్పుడది స్మారక ఉద్యానం. అందులో చెక్క పట్టీలు చుట్టుకున్న అండాకారపు చిన్న కట్టడం ఒకటి ఉంది, సయోధ్య ప్రార్థనా మందిరం. లోపలి గోడంతా మట్టే. ఊరి మధ్య నలుగురూ వచ్చి మౌనంగా కూర్చునే చోటు ఎలా కట్టాలని ఎవరైనా అడిగితే నేను ముందుగా దీన్నే చూపిస్తాను. దీన్ని కట్టిన వరసలోనే ఆ పాఠమంతా ఉంది.

మొదటి పని చోటు నిర్ణయించడం. ఇక్కడ 1894లో కట్టిన సయోధ్య చర్చి ఉండేది. 1961లో గోడ లేచాక అది సరిహద్దు కాపలా పట్టీ మధ్యలో చిక్కుకుపోయింది. భక్తులు అడుగుపెట్టే వీలు లేకుండా పోయింది. 1985 జనవరిలో తూర్పు జర్మనీ ప్రభుత్వం దాన్ని పేల్చేసింది. 1989లో గోడ పడిపోయాక స్థలం మళ్లీ చర్చి సంఘం చేతికి వచ్చింది. కొత్త మందిరాన్ని ఆ పాత పునాదుల మీదే, అంతకంటే చాలా చిన్నదిగా కట్టారు. ఖాళీగా మిగిలిన చోటును నింపాలని చూడలేదు. పార్కులో ధ్యాన మండపం గీసేవారు నేర్చుకోవలసిన మొదటి సంగతి ఇదే. ఆ నేలకు ముందే ఒక చరిత్ర ఉంటుంది, అది తెలుసుకున్నాకే పెన్సిల్ పట్టాలి.

రెండోది, దేనితో కట్టాలన్నది. వాస్తుశిల్పులు రుడాల్ఫ్ రైటర్‌మన్, పీటర్ సాసెన్‌రోత్ ముందు కాంక్రీటు, గాజుతో ఆలోచించారు. సంఘం ఒప్పుకోలేదు. ఇరవై ఎనిమిదేళ్లు కాంక్రీటు గోడ నీడన బతికినవాళ్లకు మళ్లీ అదే వస్తువుతో ప్రార్థనా స్థలం ఎలా రుచిస్తుంది? మట్టి, కలప చాలన్నారు. అందుకు ఆస్ట్రియా నుంచి మార్టిన్ రౌఖ్ వచ్చాడు. మొదట మట్టిపాత్రల కళ నేర్చుకుని, తరవాత గోడల వైపు మళ్లిన మనిషి.

మూడోది మట్టి కలపడం. అసలు పనితనమంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఆగుదాం. దిమ్మిస గోడకు మెత్తటి జిగట మట్టి ఒక్కటే పనికిరాదు, ఆరితే పగుళ్లిస్తుంది. గులకరాళ్లు, ఇసుక గోడకు ఎముకల్లా పనిచేస్తే జిగురు వాటిని పట్టి ఉంచుతుంది. వందలో పది నుంచి ఇరవై పాళ్లు జిగట ఉంటే సాధారణంగా సరిపోతుంది. బెర్లిన్‌లో ఈ మిశ్రమంలో ఇంకో వస్తువు చేరింది. పేల్చేసిన పాత చర్చి ఇటుకల ముక్కలను నలగ్గొట్టి మట్టిలో కలిపేశారు. అవిసె నార కూడా వేశారు. సిమెంటు మాత్రం కలపలేదు. శిథిలాలను గాజు పెట్టెలో పెట్టి చూపించడం తేలిక. వాటినే బరువు మోసే గోడగా మార్చడం నా లెక్కలో చాలా పెద్ద నిర్ణయం. దగ్గరికెళ్లి చూస్తే ఎర్రటి ఇటుక పెళ్లలు గోడలో అక్కడక్కడా కనబడతాయి.

నీళ్ల పాళ్లు చేతికే తెలుస్తాయి. గుప్పెడు మిశ్రమాన్ని పిడికిట్లో నొక్కితే ఉండ కట్టాలి. ఛాతీ ఎత్తు నుంచి ఆ ఉండను గట్టి నేల మీదికి వదిలితే నాలుగైదు ముక్కలు కావాలి. పొడిపొడిగా రాలితే నీళ్లు చాలలేదు, ముద్దలా అతుక్కుంటే ఎక్కువయ్యాయి. నీళ్లు ఎక్కువైన మట్టి ఎంత కొట్టినా దిగదు, దిమ్మిస కింద ఎగిరిపడుతుంది.

తరవాత కొట్టడం. వంపు తిరిగిన చెక్క పలకలు రెండు వైపులా గట్టిగా బిగించి, మధ్యలో జానెడు కంటే తక్కువ మందాన మట్టి పోసి, సమంగా పరిచి దిమ్మిస వెయ్యాలి. మొదట మొద్దుగా వినిపించే దెబ్బ, మట్టి దిగేకొద్దీ గట్టిగా మోగుతుంది. ఆ మోత మారితేనే పై పొర. అలా పొర మీద పొరగా ఈ గోడ 60 సెంటీమీటర్ల మందంతో 7 మీటర్లకు పైగా లేచింది. దాదాపు 390 టన్నుల మట్టి పట్టింది. యూరప్ దేశాల నుంచి స్వచ్ఛందంగా వచ్చిన యువత కూడా ఈ పనిలో చెయ్యి వేసింది. పలకలు విప్పాక పొరల గీతలు అలాగే ఉంటాయి, వాటి మీద పూత పూయకూడదు. అండాకారం ఎంచుకోవడంలో అందమే కాదు, బలం కూడా ఉంది. మట్టి గోడకు మూలలే ముందుగా చిట్లుతాయి, వంపు గోడకు మూలలే ఉండవు.

వాన సంగతి ఇక. సిమెంటు లేని మట్టికి నీరు శత్రువే. దానికి మందు మట్టిలో కాదు, నక్షాలో వెతికారు. మట్టి అండం చుట్టూ ఇంకో అండం, నిలువు చెక్క పట్టీలతో. రెంటికీ పైన కప్పు. మధ్యలో ఒకచోట వెడల్పై, ఒకచోట ఇరుకయ్యే నడవ. గుడిలో ప్రదక్షిణ చేసినవాళ్లకు ఆ నడక వెంటనే అర్థమవుతుంది. పట్టీల సందుల్లోంచి ఉద్యానం, రోడ్డు కనిపిస్తూనే ఉంటాయి. అయితే నడిచేకొద్దీ చప్పుళ్లు వెనకబడతాయి. గోడకు వాన నుంచి రక్షణ, మనిషికి వీధి నుంచి విడుదల, రెండూ ఒకే ఏర్పాటుతో సాధించారు. నాకు ఈ కట్టడంలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

లోపల పని తక్కువ. నేల దిమ్మిస మట్టిదే, బలిపీఠమూ మట్టిదే. వెలుతురు పైనుంచి దిగుతుంది. దెబ్బతిన్నా మిగిలిన పాత చర్చి చెక్కశిల్పం లోపలే ఉంది. నేలలో ఒకచోట గాజు పలక వేసి పాత నేలమాళిగ చూపించారు. పాత గంటలు బయట చెక్క చట్రంలో వేలాడతాయి. లోపలిని వెచ్చబరిచే యంత్రాలు లేవు. చలికాలం వచ్చినవాళ్లు కోటు విప్పకుండానే కూర్చుంటారు. బెర్లిన్ గోడ కూలి సరిగ్గా పదకొండేళ్లయిన రోజున, 2000 నవంబర్ 9న మందిరం తెరిచారు. చుట్టూ 2005 నుంచి రై పంట వేస్తున్నారు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇలాంటిది కట్టాలంటే ఈ నక్షాను ఉన్నదున్నట్టు దించితే నిలవదు. నల్లరేగడి తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిస్తుంది, అది గోడకు పనికిరాదు. చల్కా నేలల ఎర్రమట్టి, మొరం కలిస్తే మంచి మిశ్రమం దొరుకుతుంది. అరుగును రాతితో మోకాలెత్తు లేపాలి, లేకపోతే కింద పడిన చినుకులు చిమ్మి గోడ అడుగును తినేస్తాయి. చూరు బాగా ముందుకు రావాలి. చెదల దారి పునాదిలోనే మూసేయాలి. బెర్లిన్‌లో చలికి ఉపయోగపడిన మందం మనకు ఎండకు ఉపయోగపడుతుంది. అంత దళసరి గోడలోంచి పగటి వేడి లోపలికి చేరేసరికి రాత్రవుతుంది. మన దగ్గర చాలామంది దిమ్మిస మట్టిలో ఐదారు పాళ్లు సిమెంటు కలిపేస్తున్నారు. కప్పు, చూరు, అరుగు సరిగ్గా గీస్తే చాలాచోట్ల ఆ అవసరం రాదని నా నమ్మకం. దాన్ని తేల్చుకోవడానికి దారి ఉంది. అసలు పని మొదలయ్యే ముందు అదే పార్కులో, అదే మట్టితో నడుమెత్తు నమూనా గోడ కట్టాలి. సగానికి చూరు వేసి, సగం వదిలేసి, జూన్ నుంచి అక్టోబర్ దాకా వానకు ఉంచాలి. ఎంత మట్టి కరిగిందో కొలిచాక చూరు పొడవు గీయాలి.