ముందు కళ్లు చూపించుకోండి, తర్వాతే కోచింగ్

ఆర్మీ ఆఫీసర్ కావాలనుకునే పిల్లలు మొదట పుస్తకాలు కొంటారు, ఆ తర్వాత తెల్లవారుజామున పరుగు మొదలుపెడతారు. కంటి డాక్టరు సంగతి చివరికి గుర్తొస్తుంది. రాతపరీక్ష, ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ గట్టెక్కినా, మిలిటరీ ఆసుపత్రిలో అక్షరాల పట్టిక దగ్గర ఆగిపోతే పడ్డ శ్రమంతా వృథా. మదురై దగ్గరి కారియాపట్టి పిల్లలకు అక్కడి కంటి ఆసుపత్రి బస్సు ప్రయాణమంత దూరమే. ఆ పరీక్షేదో ముందే చేయించుకోవచ్చు.

కళ్లజోడు ఉంటే పనికిరారా?

పనికొస్తారు. అయితే సైట్ ఎంత ఉందన్నదే ప్రశ్న. ప్లస్ టూ తర్వాత నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) ద్వారా ఆర్మీకి వెళ్లేవారికి అద్దాలు లేకుండా కనీసం 6/36 చూపు ఉండాలి. అంటే మామూలు చూపున్నవారు 36 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని మీరు 6 మీటర్ల నుంచైనా చదవాలి. అద్దాలు పెట్టుకుంటే రెండు కళ్లకూ 6/6 రావాలి. దూరపుచూపు లోపం మైనస్ 2.5 లోపే ఉండాలి. లేజర్ ఆపరేషన్ చేయించుకున్నవారిని తీసుకోరు.

డిగ్రీ తర్వాత సీడీఎస్ పరీక్ష రాసి డెహ్రాడూన్‌లోని మిలిటరీ అకాడమీకో, చెన్నై పరంగిమలైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకో వెళ్లేవారికి కొంత వెసులుబాటుంది. అద్దాలు లేకుండా 6/60 చూపు, మైనస్ 3.5 లోపు సైట్ ఉన్నా సరిపోతుంది. లేజర్ ఆపరేషన్‌కూ అనుమతి ఉంది. కాకపోతే 20 ఏళ్లు నిండాకే చేయించుకుని ఉండాలి, పరీక్ష నాటికి 12 నెలలు గడవాలి. అందుకే పదిహేడేళ్లకే తొందరపడి లేజర్ చేయిస్తే ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

ఎయిర్‌ఫోర్స్ పైలట్ శిక్షణకు ఎన్‌డీఏ నుంచి వెళ్లాలంటే మైనస్ సైట్ అసలు ఉండకూడదు. రంగుల గుర్తింపు అన్ని శాఖల్లోనూ పరీక్షిస్తారు. ఆ లోపాన్ని ఏ అద్దమూ సరిచేయదు. రంగు చుక్కల మధ్య అంకె చదివే ఇషిహారా పరీక్ష కొన్ని నిమిషాల పనే, ముందే చేయించుకోండి.

డాక్టరు దగ్గర ఏం అడగాలి?

చుక్కల మందు వేసి సైట్ చూడమనండి, అప్పుడే అసలు లెక్క తేలుతుంది. కొన్ని గంటలు చూపు మసకబారుతుంది కాబట్టి తోడుగా ఒకరిని తీసుకెళ్లండి. అద్దాలు లేకుండా ఎంత, అద్దాలతో ఎంత, రంగుల పరీక్ష ఫలితమేమిటి అని విడివిడిగా రాయించుకోండి. నిబంధనలు మారుతుంటాయి, ఆ యేటి యూపీఎస్‌సీ నోటిఫికేషన్‌తో పోల్చి చూడండి.

మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ అన్నంత మాత్రాన అయిపోలేదు. 42 రోజుల్లోగా అప్పీల్ బోర్డుకు వెళ్లవచ్చు. ఎంపికైతే శిక్షణకు అదే నంబరుతో రెండో కళ్లజోడు, వెనక బిగించే ఎలాస్టిక్ పట్టీ వెంట తీసుకెళ్లండి.

అప్పీల్‌లోనూ కుదరకపోతే ఒకరి కథ గుర్తుంచుకోండి. కోవిల్‌పట్టి వైపు వడమలాపురంలో పుట్టిన డాక్టర్ జి. వెంకటస్వామి ఆర్మీ మెడికల్ కోర్‌లో పనిచేస్తూ, కీళ్లవాతం వల్ల 1948లో సైన్యం వదిలేశారు. ఆ జబ్బుతో వంకరపోయిన వేళ్లతోనే కంటి ఆపరేషన్లు నేర్చుకుని 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. మిలిటరీ దారి మూసుకుపోయినంత మాత్రాన జీవితం మూసుకుపోదు. అయితే మీకు ఏ దారి తెరిచుందో తెలుసుకోవడానికి మెడికల్ బోర్డు దాకా ఆగకండి. ఈ సెలవుల్లోనే కళ్లు చూపించుకోండి.