మానని కాలిపుండును మాన్పు కట్టు

మా కేసముద్రమునందు నిలువుకాళ్ళపై జీవించువారు పెక్కుమంది కలరు. మార్కెట్టుయార్డులో మిరపబస్తాలను మోయు హమాలీలు, కాంటా వేయువారు, నాట్లకాలమున దినమెల్ల బురదలో నిలుచు స్త్రీలు, తుదకు గంట మొదలు గంటవఱకు నల్లబల్లయొద్ద నిలుచు మావంటి ఉపాధ్యాయులు - అందఱి కాళ్ళును ఒకే భారమును మోయుచున్నవి. ఇట్టి కాళ్ళకు వచ్చు నొక దీర్ఘవ్యాధిని గూర్చియు, దానిని మాన్పు సులభసాధనమును గూర్చియు ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

కొన్ని యేండ్లక్రిందట మాయొద్ద చదువుచుండిన యొక బాలుని తల్లికి ఎడమకాలి లోపలి చీలమండపైన అరచేతియంత పుండు ఉండెను. ఆమె కూలికి పోయి కుటుంబమును పోషించునది. నాలుగేండ్లు పసుపు, ఆకుపసరులు, మలాములు, సూదిమందులు అన్నియు వాడెను. పుండు మానినట్లే కనబడి మరల విచ్చుకొనుచుండెను. దాని వాసనకు తానే సిగ్గుపడి తల్లిదండ్రుల సమావేశములకు వచ్చుట మానుకొనెను. ఒకనాడు కుమారుని ఫీజు చెల్లింపవచ్చి గుమ్మము వెలుపలనే నిలిచి, "సారూ, ఇది నాతోటే పోతది" అనెను. మేమును, "అమ్మా, కట్టు విప్పి గాలి తగులనీయుము, బిగించినచో రక్తము ఆడదు" అని హితవు చెప్పితిమి. ఆ హితవు తప్పు. ఇరువది యేండ్లుగా రక్తప్రసరణమును బోధించుచుండిన మాకు ఆ పాఠమును ఆమె కాలికి అన్వయింపవలెనని తోచలేదు. కావున విద్యార్థులారా, ఆ పాఠమునే మరల మొదటినుండి చెప్పుకొందము.

గుండె ధమనులద్వారా రక్తమును పాదములకు పంపును. దానిని తిరిగి గుండెకు చేర్చునవి సిరలు. మన యూళ్ళలో వీనిని 'నరాలు' అందురు గాని నరములు స్పర్శను తెలుపు వేఱు తంతువులు. మనము కదలక నిలిచియున్నప్పుడు చీలమండయొద్ద సిరలోని పీడనము సుమారు 80 మొదలు 90 మిల్లీమీటర్ల పాదరసమునకు సమానముగా నుండును. అచ్చటినుండి గుండెవఱకు నిలిచిన రక్తపు బరువే దీనికి కారణము. నడచునప్పుడు పిక్కకండరములు సిరలను పిండి రక్తమును పైకి నెట్టును. అందుచే ఆరోగ్యవంతుని కాలిలో ఆ పీడనము 30 మిల్లీమీటర్లకు లేదా అంతకంటె తక్కువకు దిగును. నెట్టిన రక్తము మరల క్రిందికి జారకుండ సిరలలో చిన్న కవాటములు కలవు. ఇటలీదేశపు పాడువానగరమున బోధించిన ఫాబ్రిసియస్ 1603లో వీనిని వర్ణించి గ్రంథము ప్రకటించెను. ఆయన శిష్యుడైన విలియం హార్వే 1628లో వాని ప్రయోజనమును లోకమునకు స్పష్టపఱచెను.

హార్వే చూపిన పరీక్షను మీరును చేయవచ్చును. చేతిని క్రిందికి వ్రేలాడనిచ్చి, ముంజేతిపై ఉబ్బిన సిర నొకదానిని మణికట్టువైపున వ్రేలితో అదిమిపట్టుడు. రెండవ వ్రేలితో రక్తమును మోచేతివైపునకు త్రోసి, ఆ రెండవ వ్రేలిని తీసివేయుడు. నడుమ కవాట మున్నచో దాని క్రిందిభాగము ఖాళీగానే నిలుచును. పైరక్తము వెనుకకు రాదు. మొదటి వ్రేలిని ఎత్తగానే క్రిందినుండి రక్తము వచ్చి నిండును.

ఇక బావిమోటారును తలంచుకొనుడు. అడుగున నున్న ఫుట్‌వాల్వు చెడిన యెడల పైపులో నెక్కిన నీరు తిరిగి బావిలోనికి జారిపోవునని రైతుబిడ్డలకు నేను చెప్పనక్కఱలేదు కదా! కాలి కవాటములు చెడినప్పుడును అంతే. ఎంత నడచినను చీలమండయొద్ద పీడనము తగినంత దిగదు. సన్ననాళములనుండి నీరును రక్తకణములును చర్మములోనికి ఊరును. కాలు వాచును, చర్మము గోధుమవర్ణమునకు మాఱి గట్టిపడును, దురదపెట్టును. తుదకు చిన్నగీత పడినను మానక పుండగును. పూర్వము సిరలో రక్తము గడ్డకట్టియుండుట, కుటుంబలక్షణము, పెక్కు కాన్పులు, స్థూలకాయము, దీర్ఘకాలము నిలుచుట దీనికి తోడ్పడు కారణములు.

కారణ మిది యైనప్పుడు పుండుపై ఎన్ని మందులు పూసిన నేమి? లోపలి పీడనమునకు ఎదురుగా వెలుపలినుండి ఒత్తిడి కలిగింపవలెను. కాలివ్రేళ్ళ మొదలునుండి మోకాలి క్రిందివఱకు కట్టు కట్టుదురు. చీలమండయొద్ద సుమారు 40 మిల్లీమీటర్ల ఒత్తిడి యుండి, మోకాలివైపు పోవుకొలది దాదాపు సగమునకు తగ్గవలెను. ఇది యెట్లు సాధ్యమగును? ఫ్రెంచిగణితజ్ఞుడు లాప్లాసు పేర ప్రసిద్ధమైన సూత్రము దీనిని తెలుపును. ఒకే బిగువుతో చుట్టిన పట్టీ సన్నని స్తంభమును ఎక్కువగను, లావైనదానిని తక్కువగను ఒత్తును. చీలమండ సన్నము, పిక్క లావు గనుక సమానపు బిగువుతో చుట్టినను ఒత్తిడి క్రమముగా తగ్గుచు పోవును. ఎముక పొడుచుకొనివచ్చిన చోట్ల ఒత్తిడి మితిమీఱును గాన ముందుగా దూదిపొరను చుట్టుదురు.

ఈ విద్య క్రొత్తది కాదు. సుశ్రుతసంహిత 14 విధముల కట్లను చెప్పినది. పదునేడవ శతాబ్దిలో ఆంగ్లేయవైద్యుడు రిచర్డు వైజ్‌మన్ తాళ్ళతో బిగించు మేజోళ్ళను తొడిగించెను. జర్మనీదేశపు చర్మవైద్యుడు పాల్ ఉన్నా పందొమ్మిదవ శతాబ్దిచివర జింకులేహ్యము పూసిన కట్టును వ్యాప్తికి తెచ్చెను. అమెరికాలో కొన్రాడ్ జోబ్‌స్ట్ అను ఇంజనీరు స్వయముగా ఈ సిరవ్యాధిచే బాధపడుచు, ఈతకొలనులో నిలిచినప్పుడు కాలినొప్పి తగ్గుట గమనించెను. లోతు పెరిగినకొలది నీటి ఒత్తిడి పెరుగును గదా! ఆ తత్త్వమునుబట్టియే క్రింద బిగువుగను పైన వదులుగను ఉండు మేజోళ్ళను నిర్మించెను. 1980 తరువాతి దశకమున లండనులోని చారింగ్ క్రాస్ వైద్యశాలవారు నాలుగుపొరల కట్టును రూపొందించిరి.

ఇచ్చట ఒక గట్టి హెచ్చరిక అవసరము. ఈ వ్యాసము చదివి ఎవరును ఇంట తమంతట తాము కాలిని బిగింపరాదు. ధమనులే మూసికొని పాదమునకు రక్తము చాలని వారికి ఇట్టి కట్టు కాలినే పోగొట్టవచ్చును. చుట్టబీడీలు త్రాగువారికిని, మధుమేహము గలవారికిని ఈ భయము హెచ్చు. అందుచే వైద్యులు ముందుగా చీలమండయొద్ద రక్తపుపోటును చేతిపోటుతో పోల్చి చూతురు. ఆ నిష్పత్తి 0.8కి తక్కువయైనచో పూర్తి ఒత్తిడిగల కట్టు వేయరు. మధుమేహులలో ధమనులు గట్టిపడి ఈ లెక్క మోసపుచ్చవచ్చును గాన వారిని మఱింత శ్రద్ధగా పరీక్షింతురు. కట్టు వేసినపిదప వ్రేళ్ళు నీలముగనో తెల్లగనో మాఱినను, తిమ్మిరి గాని తీవ్రమైన నొప్పి గాని కలిగినను వెంటనే విప్పించుకొనవలెను. మఱియు కాలిపుండ్లన్నియు ఒకటి కావు. అరికాలిలో నొప్పి తెలియని పుండు కుష్ఠువలనగాని మధుమేహమువలనగాని కలుగవచ్చును. దాని చికిత్స వేఱు.

ఆ తల్లిని కుమారుడు వరంగల్లులోని యొక పెద్దవైద్యశాలకు తీసికొనిపోయెను. అచ్చటి వైద్యుడు పాదపునాడి చూచి, పోటు కొలిచి, పుండును కడిగి పొరలుపొరలుగా కట్టు కట్టించెను. వారమునకొకసారి కట్టు మార్చిరి. కదలక కూర్చుండుమనలేదు, నడువుమనిరి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తి పెట్టుకొమ్మనిరి. ఐదవమాసమున పుండు పూడెను. అయితే వేసవిలో ఉక్కకు తాళలేక మేజోడు మానగా రూపాయిబిళ్ళయంత మరల విచ్చెను. కట్టుతో అదియును మానినది. కవాటము బాగుపడలేదు గనుక ఒత్తిడి మానరాదని ఆమె అప్పుడు గ్రహించెను, మేమును గ్రహించితిమి.

చెడిన పైసిరను వేడిచేతనో మందుచేతనో మూసివేయు చికిత్స నేడు కలదు. కట్టుతోపాటు దానిని ఆలస్యము లేక చేసినచో పుండు త్వరగా మానునని ఇంగ్లండులో 450 మంది రోగులపై జరిగి 2018లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. ఆలస్యము చేసినవారికి నడిమి లెక్కన 82 దినములు పట్టగా, వీరికి 56 దినములే పట్టెను.

విద్యార్థులారా, నేడు ఇంటికి పోయి మీ తల్లుల, నాయనమ్మల పాదములను చూడుడు. సాయంత్రపు వాపును, చీలమండయొద్ద నల్లబడిన చర్మమును వారు ఎవరికిని చెప్పుకొనరు. రెండువారములకు మానని పుండును చూచినచో వైద్యునియొద్దకు మీరే తోడుపొండు. మీలో ఎవరైనను "బిగించినచో రక్తము ఆడదు" అను మాట వినినచో, ఆ మాటను ఒకప్పుడు మీ ఉపాధ్యాయుడే చెప్పెననియు, పాఠమును సరిగా చదువుకొన్న తరువాత దిద్దుకొనెననియు చెప్పుడు.