గుహలో పుట్టిన రెండు కీర్తనలు

కష్టము వచ్చినప్పుడు విశ్వాసి తన దుఃఖమును దేవునితో మొరపెట్టుకొనవచ్చునా, లేక నోరు మూసికొని సహించుటయే విశ్వాసమా? ఈ ప్రశ్న మన తరగతులలోను మన యిండ్లలోను తరచుగా పుట్టుచున్నది. వాన తప్పిన యేట ఎండిన చేనిగట్టున కూర్చున్న రైతును, నాపరాతి గనిలో చేయి విరిగి యింట పండుకొనిన కూలివానిని, బిడ్డను పోగొట్టుకొనిన తల్లిని చూచి, "ఏడువకుడు, ఏడ్చుట అవిశ్వాసము" అని చెప్పువారు మనలో లేకపోలేదు. ఆ మాట మంచి మనస్సుతోనే చెప్పబడవచ్చును. అయినను అది సరియైనదో కాదో భక్తికవులనే అడిగి తెలిసికొందము.

కొలిమిగుండ్ల ప్రాంతపు బాలబాలికలకు గుహ యననేమో వేరుగ చెప్పనక్కరలేదు. ఈ మండలములోని బెలుము గ్రామముచెంత, సున్నపురాతిని నీరు యుగయుగములుగా తొలువగా ఏర్పడిన గుహలు నేలక్రింద కలవు. 1884వ సంవత్సరమున రాబర్టు బ్రూస్ ఫూట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వీనిని లోకమునకు తెలియజేసెను. దాదాపు నూరేండ్ల తరువాత కొలుచువారు లోనికి దిగి, వీని పొడవు 3,229 మీటర్లని తేల్చిరి. దీపములేక అట్టిచోట చిక్కినవానికి దిక్కు తెలియదు, ప్రొద్దు తెలియదు. ఆ చీకటిని మనస్సున నిలుపుకొని దావీదు సంగతి చదువుదము.

సౌలు రాజు తన ప్రాణము తీయ వెదకుచుండగా దావీదు అదుల్లాము గుహకు పారిపోయెను. ఇబ్బందిలో నున్నవారు, అప్పులపాలైనవారు, మనసు విరిగినవారు ఇంచుమించు 400 మంది అతనియొద్ద చేరిరని సమూయేలు మొదటి గ్రంథము 22వ అధ్యాయము తెలుపుచున్నది. మరియొకప్పుడు ఏన్గెదీ అరణ్యములోని గుహయందును అతడు దాగెను. కీర్తనల గ్రంథములో 57వ కీర్తనకును 142వ కీర్తనకును గల పై వ్రాతలు, ఇవి దావీదు గుహలో నున్నప్పటివని చెప్పుచున్నవి. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చదివినచో మన ప్రశ్నకు జవాబు దొరకును.

142వ కీర్తన చిన్నది, 7 వచనములే. అందు కవి మౌనముగా ప్రార్థింపడు, గొంతెత్తి మొరపెట్టును. తన బాధను కుండలోని నీరు పోసినట్లు దేవునియెదుట కుమ్మరించును. ప్రక్కకు చూచిన తన్నెరిగినవాడు ఒక్కడును లేడనియు, తనకై చింతించు మనుష్యుడు లేడనియు, తరుముచున్నవారు తనకంటె బలవంతులనియు దాచక చెప్పును. మనుష్యులలో ఆశ్రయము లేదన్న వెంటనే దేవుడే తన ఆశ్రయమనుచున్నాడు. ఈ రెండు మాటల నడుమ అతని స్థితి యేమియు మారలేదు. గుహయు అదే, శత్రువును అతడే.

57వ కీర్తన 11 వచనములు గలది. ఇదియు కనికరమును వేడుచునే ఆరంభమగును. పక్షి రెక్కలక్రింద పిల్లవలె ఆపద గడచువరకు దేవుని నీడలో నుందునని కవి చెప్పును. ఇందలి విశేషమేమనగా, దేవుని మహిమ భూమ్యాకాశములను మించవలెనని కోరు మాట 5వ వచనమునను 11వ వచనమునను రెండుమారులు వచ్చును. మొదటిమారు ఆ స్తుతి పలికిన వెంటనే, శత్రువులు వలయొగ్గి గొయ్యి త్రవ్విన సంగతి చెప్పబడినది. అనగా ఆపద తొలగిన పిమ్మట పాడిన పాట కాదిది, ఆపద నడుమ పాడినది. తుదకు కవి తెల్లవారుటకై వేచియుండక, తానే వేకువను లేపుదునని వాద్యమును చేతబట్టును.

కావున గుహలో మొర పుట్టెను, స్తోత్రమును పుట్టెను. ఏది ముందో ఏది వెనుకయో పై వ్రాతలు తెలుపలేదు, తెలుపవలసిన అవసరమును లేదు. ఒకే హృదయములో ఈ రెంటికిని చోటున్నది. దేవునితో తన బాధ చెప్పుకొనువాడు దేవుని విడిచినవాడు కాడు. వినువాడున్నాడని నమ్మనివాడు ఎవనితో మొరపెట్టుకొనును? మొరకూడ విశ్వాసపు భాషయే.

ఇక ఈ కవిత్వపు కట్టుబాటును కొంత చూతము. హెబ్రీ కవిత్వములో ఒక చరణము చెప్పిన భావమునే మరియొక చరణము వేరు మాటలతో చెప్పుటయో, దానికి ఎదురు భావము చెప్పుటయో ముఖ్యలక్షణమని రాబర్టు లౌత్ అను ఆంగ్ల పండితుడు 1753లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. దుఃఖితుడు ఒకే మాటను మరల మరల చెప్పుట మనమెరిగినదే. ఆ పునరుక్తినే ఈ కవులు అలంకారముగ చేసికొనిరి. విలాపవాక్యముల గ్రంథములోని మొదటి నాలుగు అధ్యాయములు హెబ్రీ అక్షరమాలయందలి 22 అక్షరముల క్రమమున కూర్చబడినవి. మూడవ అధ్యాయములో అక్షరమునకు మూడేసి చొప్పున 66 వచనములు కలవు. మన భాషలో అకారము మొదలు క్షకారమువరకు వరుసగ పద్యములు చెప్పినట్లనుకొనుడు. అదుపులేని దుఃఖమునకు అక్షరములు గట్టు కట్టినవి. నిరీక్షణ మాటలు ఆ మూడవ అధ్యాయము నడుమనున్నవి. వాని తరువాత ఏడ్పు మరల వచ్చును. గ్రంథము సంతోషముతో ముగియదు.

మన తెలుగు కీర్తనలో పల్లవి ఈ పనినే చేయుచున్నది. చరణము మన కష్టమును చెప్పును, పల్లవి మనలను మరల దేవునియొద్దకు తెచ్చును. ప్రతి చరణము తరువాత పల్లవికి తిరుగుట పాట నియమము మాత్రమే కాదు, బ్రదుకు నియమముకూడ. పల్లవి ఒకసారి పాడి విడుచునది కాదు గదా!

ఈ రీతిని క్రైస్తవ భక్తికి వాడినవారిలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌధరి. ఈయన పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబములో 1803లో జన్మించి, 1833లో బాప్తిస్మము పొంది, 1890లో పరమపదించెను. ఆ దినములలో బ్రాహ్మణునకు బాప్తిస్మమనగా కులమును బంధువర్గమును ఒక్కనాడే పోగొట్టుకొనుట. ఆయన పాశ్చాత్య రాగములకై ఎదురుచూడక, మన రాగతాళములలోనే కీర్తనలు రచించెను. మిషను భేదము లేకుండ తెలుగు సంఘములన్నియు వానిని పాడుకొనుచున్నవి.

గుర్రము జాషువ కవి (1895–1971) జీవితమును మనకు పాఠమే. వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించిన ఈ కవి అంటరానితనపు బాధను స్వయముగ అనుభవించెను. 1941లో వెలువడిన "గబ్బిలము" కావ్యమున, గుడిలోనికి ప్రవేశము లేని పేదవాడు, అడ్డులేక గుడిలో వ్రేలాడు గబ్బిలముచేత తన మొరను కాశీలోని ఈశ్వరునికి పంపుకొనును. అది క్రైస్తవ కీర్తన కాదు, అయినను మానవుడు దైవమునెదుట నిలిచి న్యాయమడుగుట అందు కలదు. ఆ కవియే "క్రీస్తు చరిత్ర" రచించి, 1964లో సాహిత్య అకాడమీ బహుమానము పొందెను. మొరపెట్టిన కలమే స్తుతించెను.

ఈ పాటలు కడుపు నిండినవారి పాటలని యెవరైన తలంచినచో, 1876–78 నాటి ధాత కరువును జ్ఞాపకము చేసికొందురు గాక. కర్నూలు, కడప, బళ్లారి సీమలలో లెక్కలేనంతమంది ఆ కరువున మడసిరి. ఆ కాలమున ఒంగోలులో జాన్ క్లౌ దొర బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంతభాగమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలిపని కల్పించెను. అన్నముకొరకు మతము పుచ్చుకొనిరన్న నింద రాకుండునట్లు, సహాయము సాగినంతకాలము బాప్తిస్మములు నిలిపివేసెను. తరువాత 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. విశ్వాస కీర్తనలు పాడిన తొలితరమువారు ఆకలి నెరిగినవారే. దేవుని నమ్ముట చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదని కూడ ఈ చరిత్ర నేర్పుచున్నది. ప్రార్థించిన చేతులే పలుగును పారను పట్టినవి.

విద్యార్థులారా, మీ తరగతిలో ఒక చెలికాని యింట మరణమో వ్యాధియో సంభవించినప్పుడు ఈ పాఠము పనికి రావలెను. యోబు స్నేహితులు మొదట ఏడు పగళ్లు ఏడు రాత్రులు అతనితోకూడ నేలపై మౌనముగ కూర్చుండిరి. వారు చేసిన మేలు అంతయే. నోరు తెరచి, "నీ పాపమే దీనికి కారణ"మని వాదించుట మొదలిడగానే వారు అతని బాధను ఇనుమడింపజేసిరి. తుదకు దేవుడు మందలించినది వారినే గాని, మొరపెట్టిన యోబును విసర్జింపలేదు. తలిదండ్రులారా, మీ బిడ్డ ఏడ్చి, "దేవుడెందుకిట్లు చేసెను?" అని అడిగినయెడల కసరకుడు. జవాబు తెలియనిచో తెలియదనుడు. అటుపిమ్మట బిడ్డతోకూడ మోకరించి, ఆ ప్రశ్ననే దేవునియొద్దకు కొనిపొండు.

అభ్యాసము:

1. 57వ కీర్తనయందును 142వ కీర్తనయందును కవి దేవుని అడిగినదేమి? మనుష్యులనుగూర్చి చెప్పినదేమి? వేరువేరుగ వ్రాయుము.

2. నీకు వచ్చిన యొక కీర్తన తీసికొని, చరణములలో కష్టమెక్కడ, పల్లవిలో నమ్మిక యెక్కడ కలదో చూపుము.

3. దుఃఖములో నున్న యొక స్నేహితునికి ఉత్తరము వ్రాయుము. అందు ఉపదేశము ఒక్క వాక్యమునకు మించరాదు.