పికప్ వాహనమునకు బ్రేకు ప్యాడ్లు, డిస్కుల ఎంపిక

పలాస, టెక్కలి, ఉద్దానము ప్రాంతములలో పంట తోట నుండి బజారు చేరుటకు నేడు పికప్ వాహనమే ముఖ్యాధారము. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలముల కొబ్బరికాయలు, పనసకాయలు, జీడిపిక్కలు ఎక్కువగా దీనిమీదనే వచ్చుచున్నవి. ఇంజను ఆయిలును, టైర్లను శ్రద్ధగా చూచుకొను రైతులు సైతము బ్రేకులను అవి చెడిన తరువాతనే తలచుచున్నారు. ఇంజను చెడిన బండి దారిలో ఆగిపోవును. బ్రేకు చెడిన బండి ఆగదు. కావున బ్రేకు సామాను ఎప్పుడు మార్చవలెనో, ఎట్టిది కొనవలెనో తెలిసికొనుట అవసరము.

బ్రేకు పని చేయు విధము

మన ప్రాంతమున తిరుగు పికప్ వాహనములలో పెక్కింటికి ముందు చక్రములకు డిస్కులు, వెనుక చక్రములకు డ్రమ్ములు ఉండును. పెడలు తొక్కినప్పుడు క్యాలిపర్‌లోని రెండు ప్యాడ్లు చక్రముతో పాటు తిరుగు పోతఇనుప డిస్కును ఇరువైపుల నుండి నొక్కి పట్టును. బండి వేగము రాపిడిచే వేడిగా మారును.

ఈ వేడి ఎంతయో లెక్కింపుడు. బండి, సరుకు కలిసి 3,000 కిలోల బరువుతో గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవుచున్నవనుకొందము. ఆ బండిని ఒక్కమారు పూర్తిగా ఆపినచో పుట్టు వేడి సుమారు 1.4 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుండి మరుగువరకు కాచుటకు చాలును. ఇందులో అధికభాగమును ముందు డిస్కులే భరించవలెను. వేగము 40 కిలోమీటర్లు మాత్రమే అయినచో వేడి అందులో సగము కంటె తక్కువ. బరువు పెరిగినకొలది వేడియు అంతే పెరుగును. 80 కిలోల జీడిపిక్కల బస్తాలు 18 వేసిన 1,440 కిలోలు అగును. దానిపై మరి నాలుగు వేసినచో 320 కిలోల అదనపు భారము బ్రేకులపై పడును. వేడి మితిమీరినప్పుడు ప్యాడ్ల పట్టు తగ్గును, బ్రేకు ఆయిలు మరిగి పెడలు మెత్తగా దిగిపోవును.

అరుగుదల గుర్తించుట

1. బ్రేకు వేసినప్పుడు కీచుమను శబ్దము వచ్చిన ప్యాడ్లు అరిగినవేమో చూడవలెను. గరగరమని ఇనుము రాచుకొను శబ్దము వచ్చినచో బండిని సరుకుతో నడుపరాదు.

2. వెనుక రేకు కాక, ప్యాడు పదార్థము 3 మి.మీ.కు తగ్గిన వెంటనే మార్చవలెను. బయటి ప్యాడు మాత్రమే చూచి ఊరకుండరాదు. లోపలి ప్యాడు ముందుగా అరుగుట కలదు.

3. రెండు ప్యాడ్లు సమముగా అరుగనిచో క్యాలిపర్ పిన్నులు బిగిసినవని అనుమానింపవలెను. సముద్రపు ఉప్పుగాలి తగులు ఉద్దానమున ఈ తుప్పు విశేషముగా కనబడును. పిన్నులను శుభ్రపరచి, బ్రేకులకు తగిన గ్రీజు పూయక క్రొత్త ప్యాడ్లు వేసిన అవియు త్వరలోనే పాడగును.

4. బ్రేకు వేసినప్పుడు స్టీరింగు, పెడలు అదరినచో డిస్కు మందము సమముగా లేదని గాని, డిస్కు సరిగా కూర్చొనలేదని గాని గ్రహింపవలెను.

ప్యాడ్ల ఎంపిక

ప్యాడ్లు ముఖ్యముగా మూడు రకములు. నారపీచు, జిగురు ప్రధానముగా గలవి మెత్తనివి. శబ్దము చేయవు, డిస్కును తక్కువగా అరుగదీయును, గాని అధిక వేడికి ఆగవు. లోహపు పొడి కలిసినవి వేడికి బాగుగా ఓర్చును. బరువు మోయు బండ్లకు ఇవి అనుకూలములు, అయితే కొంత శబ్దము చేయును, డిస్కును కొంత ఎక్కువగా తినును. సిరామిక్ రకము తక్కువ ధూళి, తక్కువ శబ్దము గలది, ధర ఎక్కువ. ఏ రకమైనను వాహన తయారీదారు ఆ నమూనాకు, ఆ భారమునకు సూచించిన దానినే కొనుట క్షేమము. కారునకు సరిపడు ప్యాడు కొలతకు కుదిరినను పికప్‌నకు పనికిరాదు.

కొన్ని ప్యాడ్ల అంచున రెండు ఆంగ్లాక్షరములు ముద్రించి ఉండును. మొదటిది సామాన్య వేడిలోని పట్టును, రెండవది అధిక వేడిలోని పట్టును తెలుపును. ‘ఇ’ కంటె ‘ఎఫ్’, ‘ఎఫ్’ కంటె ‘జి’ ఎక్కువ పట్టు గలవి. మొదటి అక్షరము ‘ఎఫ్’ అయి రెండవది ‘ఇ’ అయినచో వేడెక్కినప్పుడు ఆ ప్యాడు పట్టు తగ్గునని అర్థము. పాత ప్యాడుపై గల గుర్తుతో పోల్చి చూడవలెను. పేరు, నంబరు లేని ప్యాడును ఎంత చౌకయైనను కొనరాదు. బిల్లు తప్పక తీసికొనవలెను. ఆస్బెస్టాస్ గల సరుకును విడువవలెను. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. ఏ ప్యాడు ధూళినైనను నోటితో ఊదరాదు, గాలి గొట్టముతో చిమ్మరాదు.

డిస్కుల ఎంపిక

డిస్కుపై దాని కనిష్ఠ మందము చెక్కి ఉండును. మైక్రోమీటరుతో చుట్టును ఎనిమిది చోట్ల కొలిచి, అన్నిటిలో తక్కువ కొలతను లెక్కకు తీసికొనవలెను. ఉదాహరణకు కనిష్ఠము 22 మి.మీ., కొలత 22.3 మి.మీ. అనుకొందము. లేతుపై ఒక్కొక్క ప్రక్క 0.25 మి.మీ. చొప్పున తీసినచో 21.8 మి.మీ. మిగులును. అట్టి డిస్కును లేతు పట్టించుట డబ్బు దండుగ, అపాయము కూడ. దానిని మార్చవలసినదే. పగుళ్లు, లోతైన తుప్పు గుంటలు ఉన్నను మార్చవలెను. రాత్రి మంచుకు పట్టు పలుచని తుప్పు మాత్రము నాలుగు బ్రేకులతో పోవును, దానికి భయపడనక్కరలేదు.

గాలి సందులు గల డిస్కునకు బదులు అట్టిదే వేయవలెను. అందమునకు రంధ్రములు పొడిచిన డిస్కులు బరువు బండ్లకు అనవసరము. రంధ్రముల అంచున పగుళ్లు పుట్టవచ్చును. ప్యాడ్లయినను, డిస్కులయినను ఒకే ఇరుసునకు రెండు ప్రక్కల కలిపి మార్చవలెను. ఒక ప్రక్క మాత్రమే మార్చిన బండి ఒక వైపునకు లాగును.

అమర్చునప్పుడు జాగ్రత్తలు

చక్రపు హబ్బుపై తుప్పును గీకి శుభ్రపరచిన పిదప డిస్కు పెట్టవలెను. క్రొత్త డిస్కుపై పూసిన నూనెను బ్రేకు క్లీనరుతో పూర్తిగా తుడువవలెను. రాపిడి తలములకు గ్రీజు అంటరాదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చును గనుక రెండేండ్లకొకమారు మార్చుట మంచిది. మూతపై సూచించిన రకమునే పోయవలెను. పని ముగిసిన తరువాత బండి కదలింపక ముందే పెడలు గట్టిపడు వరకు తొక్కవలెను. దీనిని మరచినచో మొదటి తొక్కుకు బ్రేకు పడదు.

పిదప సరుకు లేకుండ, రద్దీ లేని దారిలో 50 కిలోమీటర్ల వేగము నుండి 15కు నెమ్మదిగా తగ్గించుచు, నడుమ చల్లారనిచ్చుచు ఎనిమిది, పది మార్లు బ్రేకు వేయవలెను. ఇట్లు చేసిన ప్యాడు, డిస్కు ఒకదానికొకటి కుదురుకొనును. మొదటి 200 కిలోమీటర్ల వరకు పూర్తి బరువు వేయకుండుట మేలు.

వాడుకలో మెలకువలు

దిగుడు దారిలో పెడలు తొక్కిపట్టి ఉంచక, ముందుగనే తక్కువ గేరు వేయవలెను. వరద నీటిలో దిగిన బండిని నెమ్మదిగా నడుపుచు, తేలికగా బ్రేకు వేయుచు ప్యాడ్లను ఆరనీయవలెను. 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ వంటి తుఫానుల తరువాత నీట మునిగిన బండికి బ్రేకు విప్పి చూడక సరుకు ఎత్తరాదు.

జీడి కోతలకు ముందు మాఘ, ఫాల్గుణములలో ఒకమారు, వర్షములు తగ్గిన పిదప ఒకమారు బ్రేకులను విప్పించి చూచుట అలవాటు చేసికొనవలెను. గ్రామ వ్యవసాయ సహాయకులు ఈ విషయములను రైతు సేవా కేంద్రములలో చదివి వినిపింపవలెను. బండి రైతుదైనను ఆ దారిన నడచు పిల్లలు, ఆ బండిలో కూర్చున్న కూలీలు అందరివారు. కావున చౌక ప్యాడుతో మిగులు కొద్ది రూపాయలకు ఆశపడక, కొలిచి చూచి, తగిన సామానునే కొనవలసినదిగా రైతులను కోరుచున్నాము.